పదిహేను వేలతో ఖాట్మండు: శ్రీకాకుళం నుంచి ఐదుగురు విద్యార్థినులు వెళ్లిరాగలరా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. శ్రీకాకుళంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఐదుగురు అమ్మాయిలు ఒక విదేశీ రాజధాని చూసి రావాలనుకుంటున్నారు. తలకు 15 వేల రూపాయలు. పాస్‌పోర్టు ఉన్నది ఒక్కరికే. మొదట బ్యాంకాక్ అనుకుని ఇప్పుడు ఖాట్మండు అంటున్నారు. ఆధార్ కార్డు సరిపోతుందా, దసరా సెలవుల్లో వెళ్లవచ్చా, పనిలో పనిగా నేపాల్‌లోనే ఉన్న పోఖరా కూడా చూసి రావచ్చా అన్నవి అడిగిన మూడు సంగతులు.

ఖాట్మండు నిక్షేపంగా వెళ్లిరావచ్చు. రైల్లో వెళ్తే 15 వేలు చాలు, కాస్త మిగులుతుంది కూడా. ఆధార్ మాత్రం చాలదు. దసరాకు వద్దు. పోఖరా ఈసారికి మానుకోండి. బ్యాంకాక్ సంగతి వేరు. అందరికీ పాస్‌పోర్టులు కావాలి, విమానం టికెట్లకే మీ డబ్బులో సింహభాగం పోతుంది.

నేను విజయనగరం నుంచి కాశీ, గయ, నేపాల్ యాత్రలకు బృందాలను తీసుకువెళ్తుంటాను. ఎక్కువగా వచ్చేది పెద్దవాళ్లే అయినా, మధ్యమధ్య కాలేజీ పిల్లలు కూడా చేరుతుంటారు. అందుకని ఈ దారి గురించి కాస్త వివరంగానే చెప్పగలను.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. నేపాల్ వెళ్లడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు కూడా తప్పనిసరి కాదు. పాస్‌పోర్టు లేనివారికి ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు సరిపోతుంది. ఆధార్‌ను ప్రయాణపత్రంగా ఒప్పుకునేది 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటిన వృద్ధులకు మాత్రమే. మీరు ఈ రెండింటిలోకీ రారు. బీహార్‌లోని రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటేవాళ్లలో చాలామందిని ఎవరూ ఆపరు, కార్డు అడగరు. ఆ మాట విని ఆధార్‌తో బయలుదేరేవాళ్లు ఉన్నారు. దాటడం వరకూ ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ అక్కడ ఎవరికైనా జబ్బు చేసి విమానంలో తిరిగి రావలసి వస్తే, ఆధార్ చూపిస్తే విమానం ఎక్కనివ్వరు. ఓటరు కార్డు లేనివారు ఫారం 6 నింపి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కార్డు చేతికి రావడానికి వారాలు పడుతుంది. వెంట తీసుకువెళ్లేది అసలు కార్డే, ఫోనులో ఫొటో కాదు. కార్డు మీద పేరు, రైలు టికెట్ మీద పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే పెద్ద ప్రమాదం ఏమీ లేదు గాని, అడిగినప్పుడు మాటలు పెరుగుతాయి.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. దసరా మనకు ఎంతో నేపాలీలకు అంతకంటే పెద్ద పండుగ. దాన్ని దశైం అంటారు. ఆ రోజుల్లో ఖాట్మండులో ఉద్యోగాలు చేసుకునేవాళ్లంతా సొంత ఊళ్లకు పోతారు. బస్సుల్లో, సుమోల్లో కాలు పెట్టే చోటుండదు, నగరంలో చాలా కొట్లు మూసి ఉంటాయి. పండుగ చూద్దామని వెళ్లినవాళ్లకు తాళాలు కనిపిస్తాయి. ఆ వెనకే దీపావళి, దాని వెంటనే బీహారీల పెద్ద పండుగ ఛఠ్. మీ రైలు బీహార్ మీదుగా పోతుంది కాబట్టి ఛఠ్ ముందూ వెనకా వారం రోజులు ఆ దారిలో రిజర్వేషన్ పెట్టెలు కూడా జనరల్ పెట్టెల్లాగే ఉంటాయి. మీకు నా సలహా ఏమిటంటే, పైడితల్లి సిరిమానోత్సవం చూసుకోండి, దీపావళి ఇంట్లో చేసుకోండి, ఛఠ్ రద్దీ తగ్గిన తరువాత నవంబరు రెండో సగంలో బయలుదేరండి. ఆకాశం తేటగా ఉంటుంది, ఉత్తరాన మంచుకొండలు కనిపిస్తాయి. చలి ఉంటుంది గాని, ఒక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ ఉంటే ఆగుతుంది. అది కుదరకపోతే మార్చి మంచిది. సంక్రాంతి సెలవులకు వెళ్తే బీహార్ పొగమంచులో రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ వైపు చూడకండి. ఇది డబ్బు గురించి చెబుతున్న మాట కాదు. వానాకాలంలో అక్కడి కొండదారుల్లో చరియలు విరిగిపడతాయి. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర చరియ విరిగి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలో పడిపోయాయి. ఆ కాలంలో నేను ఎవరినీ తీసుకువెళ్లను, ఎంత బతిమాలినా సరే.

దారి ఇలా ఉంటుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్, అంటే మన ఆమదాలవలస నుంచి హావ్‌డా. అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్. మిథిలా హావ్‌డాలో మధ్యాహ్నం బయలుదేరి మర్నాడు ఉదయానికి రక్సౌల్ చేరుతుంది. కాబట్టి ముందు రాత్రికో ఆ రోజు ఉదయానికో హావ్‌డాలో దిగే రైలు చూసుకోండి. ఫలక్‌నుమా హావ్‌డా చేరేది సాయంత్రం, అప్పటికి మిథిలా వెళ్లిపోయి ఉంటుంది. రెండు రైళ్ల మధ్య కనీసం ఆరేడు గంటల తేడా పెట్టుకోండి. ఆ ఖాళీ వృథా కాదు. సామాను స్టేషన్‌లోని క్లోక్‌రూంలో పెట్టి, హుగ్లీ నది కింద నుంచి పోయే మెట్రో ఎక్కి రావచ్చు. 2024 మార్చిలో మొదలైంది, టికెట్ పది ఇరవై రూపాయల వ్యవహారం. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. నాలుగు టికెట్లూ ఆ వారంలోనే తీసేయండి.

మీరు అమ్మాయిలే వెళ్తున్నారు కాబట్టి ఒక ఖర్చు పెంచమంటాను. మిథిలాలో రానూ పోనూ థర్డ్ ఏసీ తీసుకోండి. స్లీపర్‌లో పగటిపూట టికెట్ లేనివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు, మీ బెర్తు మీద మీకే చోటుండదు. మన వైపు రైలుకు స్లీపరు చాలు.

రక్సౌల్‌లో దిగగానే మీ చుట్టూ జనం మూగుతారు. ఖాట్మండు టికెట్ ఇక్కడే ఇస్తాం, హోటల్‌తో కలిపి ఇస్తాం అంటారు. రక్సౌల్ గడ్డ మీద ఎవరికీ ఒక్క రూపాయి ముందుగా ఇవ్వకండి. ఈ-రిక్షా మాట్లాడుకుని వంతెన దాటి బీర్‌గంజ్ వెళ్లండి. గుర్రబ్బండ్లు కూడా ఉంటాయి. సరదాగా ఉంటుంది గాని ఐదుగురికీ, సామానుకూ ఒక బండి చాలదు. సరిహద్దు దాటాక శంకరాచార్య ద్వారం వస్తుంది, అక్కడి నుంచి నేపాల్. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోండి. తిరుగు ప్రయాణంలో ఈ 15 నిమిషాలు మరిచిపోతే నష్టం లేదు, మనకే కలిసొస్తాయి.

బీర్‌గంజ్ నుంచి ఖాట్మండుకు రెండు రకాలుగా పోవచ్చు. పెద్ద బస్సులు నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా చుట్టు తిరిగి పోతాయి, పగలంతా పడుతుంది. సుమోలు హెటౌడా దాటాక కొండలకు అడ్డంపడి దగ్గరి దారిన పోతాయి, ఐదారు గంటలు. విద్యార్థులు సుమోనే ఎక్కుతారు, నేను కూడా అదే చెబుతాను, కాని అదెలా ఉంటుందో తెలుసుకుని ఎక్కండి. డ్రైవరు కాక తొమ్మిది పదిమందిని ఎక్కిస్తారు. సామాను పైన వేసి తాడుతో బిగిస్తారు. ముందు సీటు వెనక ప్లాస్టిక్ సంచులు కట్ట కట్టి వేలాడుతుంటాయి, ఎందుకో మొదటి అరగంటలోనే అర్థమవుతుంది. ఒక మలుపులో కుడి కిటికీలో లోయ, మరుసటి మలుపులో ఎడమ కిటికీలో అదే లోయ. తలతిరుగుడు ఉన్న అమ్మాయిని ముందు కూర్చోబెట్టండి, వెనక అడ్డసీట్లు ఒప్పుకోకండి. ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, నిండా తినీ ఎక్కవద్దు. బీర్‌గంజ్‌లో ఉదయం పదిన్నర లోపు బండి కదిలితే వెలుతురు ఉండగానే ఖాట్మండులో దిగుతారు. రైలు బాగా ఆలస్యమై మధ్యాహ్నం దాటితే ఆ రాత్రి బీర్‌గంజ్‌లోనే గది తీసుకోండి. చీకట్లో ఆ ఘాటీ ఎక్కవద్దు.

డబ్బు మార్పిడి తేలిక. మన 100 రూపాయలకు నేపాలీ రూపాయలు 160. 1993 నుంచి ఈ రేటు కదలలేదు. మన 100 నోట్లను అక్కడ ఎవరైనా తీసుకుంటారు. 500 నోట్ల మీద 2018 నుంచి ఆంక్షలు, సడలింపులు వస్తూ పోతూ ఉన్నాయి. ఆ లెక్కలు మనకెందుకు, బ్యాంకులో 100 నోట్ల కట్టలు తీసుకోండి, గొడవ ఉండదు. 2024 నుంచి చాలా కొట్లలో మన యూపీఐతో క్యూఆర్ స్కాన్ చేసి చెల్లించవచ్చు. అయినా దాన్నే నమ్ముకోకండి, ఎందుకంటే దానికి ఫోనులో నెట్ ఉండాలి. ధర అడిగినప్పుడల్లా ఐసీనా ఎన్‌సీనా అని తేల్చుకోండి. ఇండియన్ రూపాయలను ఐసీ అని, నేపాలీ రూపాయలను ఎన్‌సీ అని అంటారు. 200 అని చెప్పినది ఎన్‌సీ అయితే మనకు 125 మాత్రమే.

ఖర్చు, తలకు, మన రూపాయల్లో, కాస్త అటూ ఇటూగా:

రైళ్లు నాలుగూ కలిపి 3,200. సుమోలు, రిక్షాలు రానూ పోనూ 1,400. ఐదు రాత్రుల బస 2,000. తొమ్మిది రోజుల తిండి 3,600. నగరంలో తిరగడానికి 1,000. చూసే చోట్ల టికెట్లు 800. అంతా కలిపితే 12,000. మిగిలిన 3,000 అత్యవసరానికి. అది ఒకరి దగ్గరే కాకుండా ఐదుగురి దగ్గరా విడివిడిగా ఉండాలి. రోజువారీ ఖర్చుకు మాత్రం ఒకే సంచీ పెట్టుకోండి. పొద్దున్నే అందరూ సమానంగా వేసి, ఒక అమ్మాయికి అప్పగించి, రాత్రికి లెక్క చూసుకోండి. టీ డబ్బులు ఎవరిచ్చారు, ఆటో డబ్బులు ఎవరిచ్చారు అన్న గొడవలతో ప్రాణస్నేహితులు తిరుగు రైల్లో చెరో పెట్టెలో కూర్చోవడం చూశాను.

బసకు ఖాట్మండులోని థమేల్ పేట పేరు అందరూ చెబుతారు. చవక హాస్టళ్లు అక్కడే ఎక్కువ. రాత్రి పొద్దుపోయే దాకా పాటల మోత ఉంటుంది. మీరు ఐదుగురు కాబట్టి డార్మిటరీలో విడి మంచాలు తీసుకోవడం కంటే, రెండు గదులు మాట్లాడుకుంటే దాదాపు అదే ఖర్చు అవుతుంది, తలుపు గడియ మీ చేతిలో ఉంటుంది. నవంబరులో వేడినీళ్లు ఉన్నాయా అని అడగడం కాదు, కుళాయి తిప్పి చూసి గది తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, ఏం చూడాలి. మీకు పూర్తిగా దక్కేవి మూడు పగళ్లు. ఇందులో పోఖరాను ఇరికిస్తే రానూ పోనూ రెండు రోజులు బస్సులోనే పోతాయి. ఖాట్మండు లోయలో యునెస్కో 1979లో గుర్తించిన కట్టడాల సముదాయాలే ఏడు ఉన్నాయి. అవన్నీ చూసెయ్యాలని కూడా పరుగెత్తకండి.

మొదటి రోజు స్వయంభూ, బసంతపూర్. స్వయంభూ స్తూపం ఉన్న కొండకు తూర్పు వైపు నుంచి 365 మెట్లు. పొద్దున్నే ఎక్కండి. చేతిలో తినే వస్తువు ఉంచుకోకండి, కోతులు మన సింహాచలం కోతుల కంటే ఘటికులు. పైనుంచి లోయ అంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి నడిచి బసంతపూర్ దర్బార్ స్క్వేర్‌కు వచ్చేయవచ్చు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఇక్కడ చాలా గుళ్లు కూలాయి. కాష్ఠమండపాన్ని మళ్లీ పాత పద్ధతిలోనే కొయ్యతో కట్టారు. అక్కడే కుమారి ఇల్లు ఉంది. కుమారి అంటే నేపాలీలు సజీవ దేవతగా కొలిచే చిన్నపిల్ల. ఆమె కిటికీలోంచి కనిపిస్తే చూడండి, ఫొటో తీయకండి.

రెండో రోజు పాటన్, పశుపతినాథ్, బౌద్ధనాథ్. పాటన్‌లో 1637 నాటి కృష్ణ మందిరం పూర్తిగా రాతి కట్టడం. చుట్టూ ఉన్నవాటిలో చాలావరకు ఇటుక, కొయ్య కావడంతో మన కళ్లకు అది తెలిసిన గుడిలా అనిపిస్తుంది. పశుపతినాథుడి దగ్గరికి మధ్యాహ్నం దాటాక వెళ్లి సాయంత్రం బాగ్మతి ఒడ్డున హారతి దాకా ఉండండి. అక్కడి ప్రధాన అర్చకులు తరతరాలుగా దక్షిణాది నుంచే, ముఖ్యంగా కర్ణాటక నుంచి వెళ్లే భట్టులు. మా బృందాల్లోని పెద్దవాళ్లు ఆ మాట వినగానే సొంత ఊరి గుడికి వచ్చినట్టు సర్దుకుంటారు. లోపలికి తోలు వస్తువులు పనికిరావు, బెల్టు, పర్సు కూడా. గుడి పక్కనే ఆర్యఘాట్‌లో చితులు కాలుతుంటాయి. అటు ఒడ్డు నుంచి కెమెరాలు గురిపెట్టే పర్యాటకులు కనిపిస్తారు. వాళ్లు తీస్తున్నారు కదా అని మీరు తీయకండి. మన ఇంటి మనిషిని దహనం చేస్తుంటే ఎవరో ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే ఎలా ఉంటుంది? గుడి బయట రుద్రాక్షలు అమ్ముతారు. పంచముఖి కొనుక్కోండి, చవక. ఏకముఖి అని వేలల్లో చెబితే దండం పెట్టి ముందుకు పోండి.

బౌద్ధనాథ్ అక్కడికి దగ్గరే. మీలో శాలిహుండం చూసినవాళ్లు ఉండే ఉంటారు, వంశధార ఒడ్డున కొండ మీద ఇటుకల వరుసలుగా మిగిలిన స్తూపాలు. బౌద్ధనాథ్‌లో స్తూపం చుట్టూ ఇప్పటికీ రోజూ వందలమంది ప్రదక్షిణ చేస్తుంటారు, దీపాలు వెలుగుతుంటాయి. శాలిహుండం చూసి ఉన్నవాళ్లకు అక్కడ నిలబడితే తోచే ఆలోచనలు వేరు. చూడనివాళ్లు బయలుదేరే ముందు ఒక ఆదివారం శాలిహుండం వెళ్లిరండి, ఊరికి దగ్గరే కదా.

మూడో రోజు మొత్తం భక్తపూర్‌కే ఇవ్వండి. ఇందులో బేరం లేదు. ఖాట్మండుకు తూర్పున 13 కిలోమీటర్లు, సిటీ బస్సులో వెళ్లవచ్చు. సార్క్ దేశాల వారికి టికెట్ 500 నేపాలీ, మన లెక్కలో 312. మిగతా విదేశీయులకు ఇది చాలా ఎక్కువ. కార్డు చూపిస్తేనే మనకు తక్కువ ధర, కాబట్టి ఓటరు కార్డు గదిలో వదిలి రాకండి. చాలామంది రెండు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మీరు ముందు న్యాతపోల గుడి మెట్ల మీద కూర్చోండి. 1702లో భూపతీంద్ర మల్ల రాజు కట్టించిన ఐదంతస్తుల గుడి అది. 1934 భూకంపానికి, 2015 భూకంపానికి ఊళ్లో ఎన్నో కట్టడాలు కూలినా అది నిలబడింది. మెట్లకు ఇరువైపులా కింద ఇద్దరు మల్లయోధులు, వారిపైన ఏనుగులు, ఆపైన సింహాలు, రెక్కల జంతువులు, అన్నిటికంటే పైన ఇద్దరు దేవతలు. ఒక్కో మెట్టులో ఉన్నవారు కింది మెట్టువారి కంటే పదింతలు బలవంతులని చెబుతారు. లోపలి దేవత ఎంత బలవంతురాలో లెక్క కట్టుకోమని కాబోలు! తరువాత కుమ్మరి వీధికి వెళ్లండి. ఎండలో ఆరబెట్టిన కుండల మధ్య నుంచి దారి. ఆ మట్టిపాత్రల్లోనే తోడుపెట్టిన జుజు ధౌ అనే తియ్యటి గడ్డపెరుగు దొరుకుతుంది, ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకోండి, పంచుకుంటే చాలదు.

తిండి గురించి బెంగ వద్దు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర, పచ్చడి. అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వేస్తారు. ఆవనూనె వాసన మొదటి పూట ఇబ్బంది పెడుతుంది, మూడో పూటకు అలవాటవుతుంది. మోమోలు ఆర్డరిచ్చేటప్పుడు మాత్రం వెజ్ అనో చికెన్ అనో స్పష్టంగా చెప్పండి. బఫ్ అని రాసి ఉంటే అది గేదె మాంసం. ఆవకాయ సీసా మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి పెట్టుకోండి. సుమో పైన అది కారితే ఐదుగురి బట్టలూ ఎర్రబడతాయి.

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అక్కడి పరిస్థితుల గురించే. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో అల్లర్లు చెలరేగి విమానాశ్రయం మూసేశారు. అప్పుడు చిక్కుకున్న మన రాష్ట్రం వాళ్లను ప్రత్యేక విమానంలో వెనక్కి తెచ్చారు. అలాంటివి రోజూ జరగవు. అయినా బయలుదేరే వారంలో వార్తలు చూడండి, బంద్ పిలుపు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయం లైన్‌చౌర్‌లో ఉంది. దాని ఫోను నంబరు ఐదుగురూ కాగితం మీద రాసుకోండి, ఫోనులో మాత్రమే కాదు. ఇద్దరు అక్కడి సిమ్ తీసుకుంటే అందరికీ సరిపోతుంది. దానికి గుర్తింపు కార్డు జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటో అడుగుతారు, రెండూ వెంట ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో ఒక్క జాగ్రత్త. మిథిలా రక్సౌల్‌లో ఉదయం పూటే బయలుదేరుతుంది. అదే రోజు ఖాట్మండు నుంచి బయలుదేరి దాన్ని అందుకోవడం అయ్యే పని కాదు. కాబట్టి ముందు రోజు పొద్దున్నే సుమో ఎక్కి బీర్‌గంజ్‌లో రాత్రి పడుకోండి. పైన లెక్కలో ఐదో రాత్రి అదే. మర్నాడు రైలు, ఆ మర్నాడు హావ్‌డాలో ఉదయం బయలుదేరే ఫలక్‌నుమా, రాత్రికి ఆమదాలవలస. వేళలు మారుతుంటాయి కనుక టికెట్ తీసేటప్పుడు ఒకసారి సరిచూసుకోండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, మిథిలాలో సీట్లు దొరకకపోతే గోరఖ్‌పూర్, సునౌలీ మీదుగా వెళ్లే దారి చెబుతాను. అది ఒక రోజు ఎక్కువ.